నేను కుట్టిన చెట్టుజీను

మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేనే. ఈ మాట ఎవరూ కాదనరు. అయితే కాలేజీలో మెట్లెక్కడమే తప్ప చెట్లెక్కడం నేర్పలేదు. ఆ లోటు మా అత్తవారు నాకు ఆరేళ్లుగా గుర్తుచేస్తూనే ఉన్నారు.

మా మామగారు ఎల్వుడ్‌కు కొండవార నలభై ఎకరాల అడవి ఉంది. జింకలు తిరిగే చోట మంచి చెట్లన్నిటికీ నిచ్చెనలు, పైన కూర్చోవడానికి బల్లలు బిగించి ఉన్నాయి. ప్రతి బల్లకూ ఒక హక్కుదారు. గట్టుమీది ఓక్ చెట్టు మామగారిది. వాగు పక్కది మా బావమరిది గార్లండ్‌ది. మూడోది వాళ్ల చిన్నాన్నది. ఆయన పోయి చాలాకాలమైంది, అయినా ఆ బల్లమీద ఇంకెవరూ కూర్చోరు. అల్లుడినైన నాకు మిగిలింది రోడ్డు పక్కన చెర్రీ చెట్టు. దానిమీంచి ఆరు వేటకాలాల్లో నేను చూసినవి పాలబండి, పోస్టుబండి, మళ్లీ పాలబండి.

పోనీలే అని ఊరుకోవచ్చు కదా అంటారు మీరు. ఊరుకోనివ్వరు. ఏటా నవంబరులో మా ఊరి అగ్నిమాపక సంఘం షెడ్డులో జింకమాంసం విందు జరుగుతుంది. ప్రతి ఇంటివాళ్లూ తాము కొట్టిన జింకతో ఒక వంటకం తెస్తారు. గిన్నె ముందు ఒక అట్టముక్క పెడతారు. వంట పేరు, ఎవరి జింకో ఆ పేరు. ఆరేళ్లుగా మా గిన్నెలో ఉన్నది మాకరోనీ, చీజు. మొదటి ఏడాది ‘ఎవరి జింక’ అన్నచోట గార్లండ్ పెన్ను తీసుకుని ‘ఆవు’ అని రాశాడు. ఊరంతా చదివింది. నేను ఆ ఊరి బళ్లో లెక్కల మాస్టార్ని. పిల్లలు కూడా చదివారు.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ అట్టముక్క మీద ‘వెండల్ హఫ్‌నాగల్’ అని నా పేరు చూసుకోవాలి. నా కోరికంతా అంతే.

ఆ రోజుల్లో నాకు చెట్టుజీను సంగతి తెలిసింది. అది గుర్రం మీద వేసేది కాదు, మనిషికి వేసేది. నడుం కింద ఊయలలాంటి గుడ్డ, దానికి గట్టి పట్టీలు, ఒక తాడు. తాడును మానుకు కట్టుకుని, కాళ్లు మానుకు తన్ని, వెనక్కి వాలి కూర్చోవడమే. బల్ల అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏ చెట్టు నచ్చితే ఆ చెట్టే మనది. అడవిలో అల్లుడికి కూడా స్వాతంత్ర్యం!

కొంటే ఖరీదు ఎక్కువ. కుట్టుకుంటే ఏం పోయింది అనుకున్నాను. తాళ్లూ, పట్టీలూ, కొక్కేలూ మాత్రం కొండలెక్కేవాళ్లు వాడేవి కొత్తవే తెప్పించాను. ప్రాణంతో పొదుపేమిటి? గుడ్డ, కత్తెర, కుట్టుమిషను ఇంట్లో ఉన్నాయి. ఉన్నాయంటే, మా ఆవిడ ఆర్డిత్‌వి.

ఆర్డిత్ ప్రతి గురువారం సాయంత్రం చర్చికి బొంతలు కుట్టడానికి వెళుతుంది. రెండు గురువారాలు నా పని చక్కగా సాగింది. మూడో గురువారం చర్చి నేలమాళిగలోకి వాననీళ్లు వచ్చాయి. అరగంటలో ఆర్డిత్ ఇంటికొచ్చింది.

నేను మిషను ముందు ఉన్నాను.

“అది నా కత్తెరేనా?”

“నీదే.”

“గుడ్డ కత్తెర?”

“గుడ్డే కోశాను, ఒట్టు.”

“ఆ గుడ్డ ఎక్కడిది?”

“మెట్లకింద అలమరలో ఏదో మూలన పడుంటేనూ...”

“పడుండలేదు. వసారా ఊయల దిండ్లకని రెండేళ్లుగా దాచుకున్నాను. నువ్వు కూర్చుని ‘అబ్బ, గట్టిగా ఉంది’ అని మూలుగుతావే, ఆ ఊయలకి.”

“దీంట్లో కూడా కూర్చునేది నేనే.”

“ఎక్కడ?”

“చెట్టు మీద.”

“ఎందుకు, ఇంట్లో కుర్చీలు లేవా?”

విషయమంతా చెప్పాను. ఆమె వినలేదు. నా చేతిలోంచి జీను లాక్కుని, కుట్టు తిప్పి చూసింది, గోరుతో గీకి చూసింది, రెండు చేతులా పట్టి గుంజి చూసింది. ముప్ఫయ్యేళ్లుగా బొంతలు కుడుతున్న మనిషి. ఏదైనా తప్పు దొరుకుతుందని ఎంతో ఆశగా వెతికింది.

“అంగుళానికి ఎన్ని కుట్లు?”

“ఎనిమిది. ప్రతి అంగుళం లెక్కపెట్టాను.”

“కొసల దగ్గర మళ్లీ వెనక్కి కుట్టావా?”

“మూడుసార్లు.”

జీను నా ఒళ్లో పడేసింది. మొహంలో కొంచెం నిరాశ కనిపించింది.

“సరే. ముందు మన పెరట్లో మేపుల్ చెట్టుకి. నా మోకాలెత్తు దాటకూడదు. గంటసేపు. నేను చూస్తుండగా. నువ్వు అడవిలో పడితే ఎత్తుకు రావడానికి నాకు నడుం లేదు.”

శనివారం మధ్యాహ్నం వేటగాడిలా తయారయ్యాను. ఆకులరంగు చొక్కా, ప్యాంటు వాసన లేని సబ్బుతో ఉతికి, ఓక్ ఆకులు వేసిన డబ్బాలో మూతపెట్టి మూడ్రోజులు ఉంచాను. మనిషి వాసన జింకకు తగలకూడదు. ఆర్డిత్ దగ్గరికొచ్చి ముక్కు మూసుకుంది.

“సబ్బు వాసన పోయింది. మిగతాదంతా ఉంది.”

తాడు కట్టాను. జీనులోకి వాలాను. ఆహా! వేలాడుతూ హాయిగా ఉండొచ్చని నాకు నలభై ఒకటో ఏట తెలిసింది. పది నిమిషాలు బాగానే ఉన్నాను. తర్వాత కొంచెం పైకి జరుగుదామని జారుడుముడిని లాగాను. దాన్ని వేళ్లతో నెడితే జరగాలి, బరువు పడితే బిగియాలి. నా చేతిలో బిగియడమే చేసింది. ఎంత లాగితే అంత బిగిసింది. కాళ్లు మాను మీంచి జారి పైకి లేచాయి, తల వెనక్కి వాలింది. నేల నాకు ఒక జానెడు కింద ఉంది. ఆ జానెడు ఎంత దూరమో లెక్కల మాస్టరుకు ఎవరైనా ముందే చెప్పాల్సింది. గుమ్మానికి కట్టిన గుమ్మడికాయలా చెట్టు చుట్టూ నెమ్మదిగా తిరగడం మొదలుపెట్టాను.

అప్పుడే మామగారు టమాటాల బుట్టతో వచ్చారు. కాసేపు నేను తిరగడం చూశారు.

“అల్లుడూ, ఏం చేస్తున్నావు?”

“ప్రాక్టీసు, మామయ్యా.”

“దేనికి?”

నేను అప్పటికి చెట్టు వెనక్కి తిరిగిపోయాను. మళ్లీ ముందుకొచ్చాక చెప్పాను, “వేటకి.”

ఆయన కుర్చీ జరుపుకుని కూర్చున్నారు. ఒక టమాటా తుడుచుకుని కొరికారు.

“అమ్మాయ్, వీణ్ణి దింపుదామా?”

“ఇంకా నలభై నిమిషాలుంది నాన్నా. గంట అని ఒప్పుకున్నాడు.”

ఇద్దరూ భోజనానికి లోపలికి వెళ్లారు. వంటింటి కిటికీలోంచి మొక్కజొన్న వాసన వస్తోంది. నేను తిరగడం మానేసి, ఊపిరి బిగబట్టి, ముడివైపు చూస్తూ కదలకుండా ఉన్నాను. అప్పుడు కంచెపక్క పొదల్లోంచి ఒక ఆడజింక వచ్చింది. వెనకాల ఇంకొకటి. రెండూ ఆర్డిత్ వేసిన చిక్కుళ్ల మడిలోకి దిగి, నాకు రెండు చేతుల దూరంలో నిలబడి, తాపీగా చిక్కుళ్లు తినసాగాయి. ఒకటి తలెత్తి నా మొహంలోకి చూసింది. నమలడం ఆపలేదు. ఆరేళ్లలో నేను జింకను అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. నా చేతిలో విల్లు లేదు. ఉన్నా, పాదాలు ఆకాశంవైపు ఉన్నాయి.

తలుపు చప్పుడుకు జింకలు పారిపోయాయి. ఆర్డిత్ బయటికొచ్చింది. చిక్కుళ్ల మడి వైపు చూడలేదు. నావైపూ చూడలేదు. జీను వైపు చూసింది.

“కిటికీలోంచి చూశాను. వాటికి నువ్వు అసలు కనబడలేదు.”

“చెప్పాను కదా!”

“చెప్పావు. నేనే వినలేదు.” వచ్చి ముడి మీద రెండువేళ్లు పెట్టి ఇట్టే జరిపింది. నేను గడ్డిలో కూలబడ్డాను. “ఏదీ, ఇలా ఇవ్వు. నువ్వు ఇంకా పైకెక్కేముందు నేనోసారి పరీక్ష చేస్తాను. భద్రత కోసం.”

భద్రత కోసమే అనుకున్నాను నేను కూడా.

మర్నాడు మళ్లీ పరీక్ష చేసింది. ఆ మర్నాడు ఆరడుగుల ఎత్తులో చేసింది. ఆ పైవారం కాఫీ ఫ్లాస్కు పట్టుకుని ఎక్కింది. ఒకరోజు నేను బడినుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు, ఆర్డిత్ గొంతు మాత్రం వినబడుతోంది. తలెత్తి చూస్తే మేపుల్ కొమ్మల్లో వెనక్కి వాలి, ఫోన్‌లో వాళ్లక్కతో మాట్లాడుతోంది.

“ఆ, నడుంనొప్పి పోయిందే! వెండల్ కుట్టాడు. అదేనే, మా వెండలే!”

“ఆర్డిత్, భద్రత ఇంకా తేలలేదా?”

“తొందరపడకు. ప్రాణంతో ఆటలా?”

అక్టోబరులో విల్లు వేటకాలం మొదలైంది. జీను అడిగి తీసుకున్నాను. నేనే కుట్టుకున్నది, అడిగి తీసుకున్నాను. తీసుకునేముందు జీనుకు పక్కన ఒక సంచి కుట్టి, మూతకు అదిమితే అంటుకుని లాగితే ఊడే వెల్క్రో పట్టీ పెట్టాను. మగజింక గుర్రుమన్నట్టు ఊదే పీక అందులో ఉంటుంది.

“బొత్తాం పెట్టు,” అంది ఆర్డిత్.

“బొత్తాం పాతకాలం. ఇదైతే ఒక్క చేత్తో తెరవొచ్చు.”

“సరే, నీ ఇష్టం.”

ఆమె ‘నీ ఇష్టం’ అంటే నేను ఆగాలి. ఆరేళ్ల కాపురంలో ఆ మాత్రం నేర్చుకోవాల్సింది.

గట్టుకు ఇవతల ఎవరి హక్కూ లేని, బీచ్ అనే జాతి నున్నటి చెట్టు ఒకటి చూసుకుని ఎక్కాను. ఎంత ప్రశాంతం! ఆకులు రాలుతున్నాయి. ఉడతలు నన్ను పట్టించుకోవడంలేదు. గంటన్నర గడిచాక మగజింక వచ్చింది. కొమ్ములకు ఎనిమిది కొసలు, రెండుసార్లు లెక్కపెట్టాను. అరవై అడుగుల దూరంలో ఆగి పక్కకు చూస్తోంది. ఇంకొంచెం ఇటు తిరిగితే చాలు. పీక ఊదితే తిరుగుతుంది. సంచి మూత పట్టుకుని ఒక్క చేత్తో లాగాను.

చర్ర్ర్ర్!

ఆ అడవిలో అంత చప్పుడు అంతకుముందెప్పుడూ పుట్టి ఉండదు. ఉడతలు కూడా నావైపు తిరిగి చూశాయి. జింక ఎటు పోయిందో తెలియలేదు. తోక మాత్రం తెల్లగా ఒక్కసారి కనిపించింది.

ఇంటికొచ్చి, “గాలి మారింది,” అన్నాను.

“గాలికి చర్ర్‌మని చప్పుడొస్తుందా?”

“నీకెలా...”

“నాన్న అవతలి గట్టు మీంచి విన్నాడట. పాపం, ఎవరో ప్యాంటు చింపుకున్నారనుకున్నాడు.”

ఇక విందుకు ముందు ఒక్క శనివారమే మిగిలింది. ఆ శనివారమే మా బళ్లో లెక్కల పోటీ పెట్టారు, పేపర్లు దిద్దేది నేను. సెలవు పెట్టమన్నాడు గార్లండ్. పిల్లలు మూడు నెలలుగా తయారవుతున్నారు, నేను ఎలా పెడతాను? మాకరోనీ పొట్లం కొనుక్కురమ్మని ఆర్డిత్‌కు చెప్పి తయారవుతుంటే ఆమె అడిగింది.

“అయితే జీను ఇవాళ ఖాళీయే కదా?”

“ఖాళీయే. నీకు లైసెన్సు లేదుగా.”

“జూలైలోనే తీసుకున్నాను.”

“ఎందుకు?”

“ప్రతి ఏడూ తీసుకుంటాను. పదేళ్లప్పుడు నాన్న నాకు విల్లు కొనిచ్చాడు. నువ్వెప్పుడూ అడగలేదు. ఆ బల్లల మీద గంటలకొద్దీ కూర్చుంటే నడుం పట్టేస్తుందని నేనూ వెళ్లలేదు.”

పదకొండింటికి ఫోన్‌లో ఆర్డిత్ నుంచి ఒక సందేశం: ‘బండి తీసుకురా. తాడు కూడా.’

తాడెందుకు? ఇంకేముంది! ముడి బిగిసిపోయింది! చెట్టు చుట్టూ తిరుగుతోంది! చేతిలో ఉన్న చివరి పేపరు దిద్ది, మార్కులు రెండోసారి కూడి, పరుగెత్తాను. దారిలో నిచ్చెన, దుప్పటి, మందులపెట్టె వేసుకున్నాను. గట్టెక్కేసరికి బూటు ఒకటి బురదలో ఉండిపోయింది.

ఆర్డిత్ పడిపోయిన మాను మీద కూర్చుని కాఫీ పోసుకుంటోంది. పక్కన మగజింక. ఎనిమిది కొసలు.

“ఇరుక్కున్నావా?”

“ఎవరు, నేనా?” నన్ను పైనుంచి కిందికి చూసింది. “నిచ్చెన దేనికి? బూటేది?”

జీను సంచి మీదికి నా చూపు వెళ్లింది. వెల్క్రో లేదు. పెద్ద నల్ల బొత్తాం ఉంది. ఆమె ఏమీ అనలేదు. అని ఉంటే కొంచెం బాగుండేది.

విందులో మా గిన్నె ముందు అట్టముక్క పెట్టింది: జింకమాంసం చిల్లీ, ఆర్డిత్ హఫ్‌నాగల్. ఇంటిపేరు నాదే కదా అని సగం అట్టముక్క చదువుకుని సంతోషించాను. గరిటె పట్టుకుని వడ్డించాను. నిజం చెప్పాలంటే, కారంగా ఉడికించిన ఆ చిల్లీ కూర అద్భుతంగా ఉంది. మూడుసార్లు తిన్నాను.

గార్లండ్ గిన్నె పట్టుకుని వచ్చాడు. “అక్కా, ఆ చెట్టు మీద బల్ల లేదు కదా. ఎలా కూర్చున్నావ్?”

“జీనులో. మీ బావ కుట్టాడు.”

“ఏ బావ?”

“నీకు ఎంతమంది ఉన్నార్రా?”

గార్లండ్ నావైపు తిరిగాడు. ఆరేళ్లలో మొదటిసారి నన్ను ఎగతాళి చేయకుండా చూశాడు. “బావా, పట్టీ ఎంత బరువు మోస్తుంది?” చెప్పాను. “కుట్టు?” చెప్పాను. అంగుళానికి ఎనిమిది అన్నప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు తినడం ఆపారు. నేను క్లాసులో ఎంత అరిచినా అంత నిశ్శబ్దం రాలేదు.

మామగారు లేచి నిలబడి స్వెట్టర్ పైకి లాగారు. “అల్లుడూ, నా నడుం కొలుచుకో. ఆ నిచ్చెన ఎక్కడం నావల్ల కావట్లేదు.”

మిగతావాళ్లూ అగ్నిమాపక బండి పక్కన వరస కట్టారు. ఆర్డిత్ కాగితం రుమాలు మీద కొలతలు రాసుకుంది.

ఇప్పుడు శనివారాలు ఆర్డిత్ విల్లు తీసుకుని అడవికి వెళుతోంది. నేను కిటికీ పక్కన మిషను ముందు కూర్చుంటున్నాను. వెచ్చగా ఉంటుంది. రేడియో ఉంటుంది. పొద్దున్నే గట్టు మీద గడ్డకట్టడం కంటే ఇదే నాకు నప్పిందేమో అని అనుమానం. ఈ మాట మీలోనే ఉంచుకోండి.

మొన్న ధైర్యం చేసి అడిగాను. “నాకూ ఒక జీను కావాలి కదా?”

“కావాలి. లిస్టులో రాశాను.”

“ఎన్నోది?”

“ఆరోది. ముందు నాన్నది, గార్లండ్‌ది, మా అక్కది...”

రుమాలు తీసి చూశాను. నిజంగానే ఆరో వరుసలో నా పేరుంది. నడుం కొలత దగ్గర నేను చెప్పిన అంకె కొట్టేసి, రెండంగుళాలు కలిపి రాసింది. ఎందుకంటే అప్పటికి చిల్లీ ఇంకా సగం కుండ మిగిలే ఉందట.