తోడు కోసం పద్నాలుగో ట్రస్టు

ఊరికి మంచి చెయ్యాలంటే మనిషికి కావలసింది మంచి మనసు కాదు, మంచి లెటర్‌హెడ్! ఈ మాటన్నందుకు మీరు నన్ను తిట్టుకోవచ్చు. ముందు హూడిలో మా దేవదానం మాస్టారి ఇంటికి ఒకసారి వచ్చి వెళ్ళండి, ఆ తర్వాత తీరిగ్గా తిడుదురుగాని.

ముప్పై ఏళ్ళ క్రితం ఒంగోలు వైపు నుంచి బెంగళూరు వచ్చిన మాస్టారు, రిటైరయ్యేనాటికి ఆరు సేవా సంస్థలు స్థాపించారు. రిటైరయ్యాక తీరిక దొరికింది కనుక అవి పదమూడయ్యాయి. ఆయన మనసు వెన్న. ఎవరి బాధ చూసినా కరిగిపోతుంది. కరగ్గానే అందులోంచి ముందు పైకి తేలేది ట్రస్టు పేరు, ఆ వెనకే లోగో.

అన్నిటికీ ఒకటే ఏర్పాటు. అధ్యక్షుడు, ఇద్దరు ఉపాధ్యక్షులు, కార్యదర్శి, సహాయ కార్యదర్శి, గౌరవ సలహాదారు. మామూలు సభ్యుడు అంటూ ఎవరూ ఉండరు. ఊరికే సభ్యుడిగా ఉండమంటే సేవకు ఎవరొస్తారు చెప్పండి? నేనే నాలుగింటికి సహాయ కార్యదర్శిని. దేనికి సహాయమో ఇంకా ఎవరూ చెప్పలేదు.

అలాంటి మాస్టారి గుమ్మం ముందుకు ఒకరోజు ఆదెమ్మ వచ్చింది. కుందలహళ్ళిలో ఓ అపార్ట్‌మెంట్ మెట్లు తుడుస్తుంది. రెండు కళ్ళకీ శుక్లాలు. మెట్టేదో నీడేదో తెలియక ఇప్పటికే రెండుసార్లు జారింది. మూడోసారి జారితే పని మానిపిస్తామన్నారట. ఆసుపత్రివాళ్ళు గురువారం పొద్దున పదింటికి ఉచితంగా ఆపరేషన్ చేస్తామన్నారు. ఒకటే షరతు, రోజంతా పక్కన ఒక మనిషి ఉండాలి.

"నాకెవురూ లేరు సార్. ఒక్క దినం కూచునే మనిషిని పంపీండి" అంది.

మాస్టారి కళ్ళు చెమర్చాయి. ఒక మనిషిని పంపేసి చేతులు దులుపుకోవడం ఆయనకు చేతకాక కాదు. కానీ ఈ మహానగరంలో ఇలాంటి ఆదెమ్మలు ఎంతమంది? సమస్యను కుదుళ్ళతో పెకలించాలి కదా! సాయంత్రానికల్లా పద్నాలుగో సంస్థ పుట్టింది. పేరు 'తోడున్నాం సేవా ట్రస్టు'.

ప్రారంభోత్సవం మహదేవపురలో, ఒక హాల్లో. ముఖ్య అతిథికి ఖాళీ దొరికింది మాత్రం ఆ గురువారం పదింటికే. మాస్టారు చాలాసేపు ఆలోచించారు. ఆపరేషన్లు ప్రతి వారం ఉంటాయి. ముఖ్య అతిథులు ప్రతి వారం దొరుకుతారా? పైగా తొలి లబ్ధిదారు లేకుండా ఫోటో ఏం బాగుంటుంది?

ఆదెమ్మను స్టేజి మీద నడిమి కుర్చీలో కూర్చోబెట్టాం. ముఖ్య అతిథికి నమస్కారం పెట్టమంటే పాపం స్టాండు ఫ్యానుకి పెట్టింది. "ఇక మీద ఈ ఊళ్ళో ఏ తల్లీ ఒంటరిగా ఆసుపత్రి గడప తొక్కదు" అని మాస్టారు అనగానే హాలంతా చప్పట్లు. అప్పటికి టైము పన్నెండున్నర.

శాలువా కప్పాక ఆవిడ దాన్ని తడిమి చూసుకుంది. "మెత్తగా ఉండాది సార్. మల్ల ఆసుపత్రికి నాతో ఎవురొస్తారు?"

స్టేజి మీదున్న మేమంతా పదవులున్నవాళ్ళమే. అధ్యక్షులవారు వెళ్ళి బెంచీ మీద కూర్చుంటారా? సలహాదారు సలహా తప్ప ఇంకేం ఇవ్వగలడు? నాకా, పై వారం ఇంకో రెండు ప్రారంభోత్సవాలున్నాయి.

"తీర్మానం చేసి కబురు పంపుతామమ్మా" అన్నారు మాస్టారు, ఎంతో ప్రేమగా.

తీర్మానానికి కోరం కుదిరేలోగా పై గురువారం వచ్చింది. మా వీధిలో ఆకుకూరలమ్మే సొన్నమ్మ ఆదెమ్మ గోడు విని, బండి మీద గోనెపట్టా కప్పేసి, ఆవిడ చెయ్యి పట్టుకుని బస్సెక్కింది. రోజంతా ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని, సాయంత్రం తీసుకొచ్చి తన ఇంట్లోనే పడుకోబెట్టింది. బ్యానర్ లేదు, ఫోటో లేదు. సేవను ఇంత అడ్డదిడ్డంగా చేస్తే రేపు చరిత్రలో రాసుకోవడానికి ఏం మిగులుతుంది?

సంగతి విని మాస్టారు నిజంగానే కదిలిపోయారు. ఆయనలో కల్మషం లేదు, అదే వచ్చిన చిక్కు. అప్పటికప్పుడు సొన్నమ్మకు సన్మానం ప్రకటించారు. నెల తర్వాత వచ్చే గురువారం, పదింటికి. ఆహ్వానపత్రం పట్టుకుని నేనే వెళ్ళాను.

సొన్నమ్మ మెంతికూర కట్టలు కడుతోంది. "ఆ దినమే ఆదెమ్మకు ఇంగో కన్ను సార్. శాలువా యాడికీ పోదు, కన్ను పోతాది" అంది. తల ఎత్తి నన్ను చూసి, "మీకు పనేమీ లేకుంటే మీరూ రాండి. ఇద్దురుంటే ఒకరన్నా టీ తాగొచ్చు" అంది.

సన్మానం అనుకున్నట్టే జరిగింది. సొన్నమ్మ తరఫున శాలువా అందుకోవడానికి ఒక మనిషి కావాలన్నారు. ఆ రోజు నాకు నిజంగానే పనేమీ లేదు. వెళ్ళి అందుకున్నాను.

శాలువా ఇంకా నా బీరువాలోనే ఉంది. ఇచ్చేద్దామని రెండుసార్లు సొన్నమ్మ వాళ్ళ సందు మొగదాకా వెళ్ళి, సిగ్గేసి వెనక్కొచ్చేశాను. సొన్నమ్మ పక్కనే ఆదెమ్మ కూర్చుని ఉంటోంది. ఇప్పుడు ఆవిడకు రెండు కళ్ళూ బాగా కనిపిస్తున్నాయట.