బీట్‌రూట్ బొమ్మ సీసాపై లోహిత దండయాత్ర

తోతాపురి మామిడికాయల లారీలు పల్పు ఫ్యాక్టరీ గేట్ల ముందు మదగజ సైన్యంలా బారులు తీరి, హారన్ల భేరీనాదంతో దిక్కులు పిక్కటిల్లజేయు జూన్ మాసమున, చెన్నై-బెంగళూరు రహదారీ తీర విరాజితమైన బంగారుపాళ్యంలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, కుప్పయ్య ఇంటి వరండాలో, అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ సీసా కోసం ఘోర సంగ్రామం జరిగెను.

ఆ సీసా సామాన్యమా! ముఖాన పచ్చని ఆకు, ఆకు కింద నెత్తురోడుతున్న బీట్‌రూట్ దుంప, దుంప కింద ‘నూటికి నూరుపాళ్లు సహజం’ అను బిరుదు. ఏ రాజూ ఇవ్వలేదు, ఏ సభా ఒప్పలేదు. తనకు తానే తగిలించుకొన్నది.

ఆ బిరుదును నమ్మి, ఇరవై ఏళ్లుగా పల్పు డ్రమ్ములు నింపుతున్న కుప్పయ్య మహాశయుడు, భార్య చంద్రకాంతమ్మకు డాక్టరమ్మ రాసిన ఐరన్ మాత్రల అట్టను విప్పకనే బీరువా పైకి విసిరేసెను. అది జరిగి పదిరోజులు; నాటి నుంచి ఈ సీసాలోని బిళ్లలే ఆమెకు మందు. ఆమె రక్తమో, ఏడు గ్రాములు! నాలుగు మెట్లెక్కితే ఆయాసం, లేచి నిలబడితే కళ్లు తిరుగుడు. నెలాఖరుకు పెరగకుంటే ఆస్పత్రిలో చేర్చి రక్తమెక్కించవలెనని డాక్టరమ్మ హెచ్చరిక.

తిరుపతి కాలేజీ నుంచి సెలవుకు వచ్చిన కుమార్తె లోహిత సంగతి విని, బీరువా పైని అట్టను చదివి వచ్చి, ఉగ్రరూపిణియై, సెల్‌ఫోను దూసెను. ఎదుట సీసాల విక్రేత, కుప్పయ్య మేనల్లుడు, వాచాలశిఖామణి ధర్మేంద్ర సింహనాదం గావించెను:

“మామా, ఇది చెట్టు సరుకు. డాక్టరు మాత్రలు కెమికల్, పేగులు కాల్చేస్తాయి. ఈడ సూడు, ఆకు బొమ్మే ఉండాది.”

“నీ బండి మీద పులి బొమ్మ ఉండాది గదా బావా. కరస్తాదా అది?”

“పెద్దోళ్ల మాటల్లోకి రాబాక పాపా,” అన్నాడు కుప్పయ్య. “బీట్‌రూట్ తింటే రక్తం పడతాదని మా యమ్మ గూడా సెప్పేది.”

“ఏదో ఒకటి తేల్చండబ్బా,” అన్నది గోడకు చేరగిలబడిన చంద్రకాంతమ్మ. “నాకు కూసునే ఓపిక గూడా ల్యా.”

అంతట లోహితకు తండ్రి మహావిద్య స్ఫురించెను. ఏ పెండ్లిలో జ్యూస్ డబ్బా చేతికిచ్చినా కుప్పయ్య ముందు దాన్ని తిరగేయును. ఎక్కువ పడిన సరుకు పేరు ముందు, తక్కువది చివర అని ఫ్యాక్టరీలో నేర్చినవాడు గనుక, ‘మొదట నీళ్లు, తర్వాత చక్కెర, మామిడి మూడోది, థూ’ అని పందిరంతా వినబడేట్టు తీర్పు చెప్పును. అట్టి పండితోత్తముడు ఈ సీసాను ఒక్కసారైనా తిరగేయలేదు!

“నాయనా, జ్యూస్ డబ్బాను తిరగేసినట్టు దీన్ని గూడా తిరగెయ్.”

“మందుకూ జ్యూస్‌కూ పోలికేంది మామా,” అని ధర్మేంద్ర సీసాపై చేయి వేసెను. కుప్పయ్య ఆ చేతిని తోసివేసి సీసాను తిప్పెను.

ముఖాన కోడిగుడ్డంత అక్షరాలు చెక్కిన ఆ కంపెనీ వీరులే, వెనక నిజం చెప్పవలసిన చోట చీమల బారును నిలిపిరి. లోహిత ఫోను కెమెరా ఎక్కుపెట్టి చీమలను ఏనుగులు చేసెను.

“మొదటేముండాది?” అన్నాడు కుప్పయ్య.

“పిండి.”

“రెండు?”

“చక్కెర. మూడోది ఫెర్రస్ ఫ్యూమరేట్. డాక్టరమ్మ అట్ట మీదా ఇదే పేరు నాయనా. ఆడ మాత్రకు అరవై మిల్లీగ్రాముల ఐరన్, ఈడ బిళ్లకు పది.”

“అంటే రెండూ ఒకే కెమికలేనా? మరి బీట్‌రూట్ యాడ?”

“రంగు తర్వాత. కట్టకడాన.”

కుప్పయ్య సీసాను మళ్లీ ఆకు బొమ్మవైపు తిప్పినాడు.

“ఏమిరా ధర్మేంద్రా, మేం డ్రమ్ములు కడిగిన నీళ్లలో గూడా ఇంతకంటే మామిడి ఉంటాది.”

“కంపెనీవోళ్లు సెప్పిందే నేనూ సెప్పినా మామా,” అని గొణిగి, ఆ సహజ సామ్రాజ్య సేనాని కుడిచెప్పు ఎడమకాలికి తొడిగి, పులి బండెక్కి పలాయితుడయ్యెను.

కుప్పయ్య స్టూలెక్కి, బీరువా మీది దుమ్ములోంచి అట్ట దించి, ఒక మాత్ర గిల్లి భార్య అరచేతిలో పెట్టినాడు. ఐరన్ బాగా ఒంటబట్టేందుకు లోహిత నిమ్మకాయ నీళ్ల గ్లాసు అందించింది.

“మింగుమే.”

“సేదుగా ఉంటాదేమో.”

“ఉండనీలే. నాదే తప్పు, మింగు.”

ఓ బంగారుపాళ్యవాసులారా, లారీ డ్రైవర్లారా, సమస్త సీసా విక్రేతలారా, వినుడు! నిమ్మకాయ నీళ్ల సాక్షిగా, భూనభోంతరాళములు దద్దరిల్లగా, ఒక మాత్ర, అక్షరాలా ఒక్కటే మాత్ర, చంద్రకాంతమ్మ కంఠదుర్గమును దాటి లోపలికి దిగెను!

అట్టలో ఇంకా తొమ్మిది ఉన్నవి.