రాళ్ల చెడుగుడు

ఒక పెద్ద అడవిలో అన్నిటికీ సంఘాలు ఉండేవి, నీళ్లు మాత్రం ఉండేవి కావు. చలికాలం వెళ్లిందో లేదో వాగు ఎండిపోయేది. ఇక మిగిలేది ఒక్క నడిమి మడుగు. అది ఈ అడవికీ, కొండవతల అడవికీ సరిగ్గా సరిహద్దులో ఉంది.

దానికోసం కొట్టుకు చావడం ఎందుకని పెద్దలు ఎప్పుడో ఒక కట్టుబాటు చేశారు. వేసవి ముందు రెండు అడవులూ ఒక ఆట చెడుగుడు ఆడాలి, అప్పటిదాకా మడుగు ఎవరూ ముట్టకూడదు. గెలిచిన అడవి వేసవంతా మడుగులో తాగుతుంది. ఓడిన అడవి ఎండిన వాగులో ఇసక తోడుకుని, ఊరిన చెలమ నీళ్లు వంతులవారీగా నాక్కుంటుంది.

మన అడవి వరసగా రెండు వేసవులు ఓడింది. రెండో వేసవిలో చెలమ దగ్గర వంతు కోసం నిలబడి నిలబడి చుక్కలదుప్పి పిల్ల ఒకటి చచ్చిపోయింది. ఆ పిల్ల తల్లే మన జట్టు కెప్టెన్. మళ్లీ ఆవిడకో పిల్ల పుట్టింది. ఈసారి గెలిచి తీరాలని ఆవిడ పంతం పట్టింది. పంతమేమిటి లెండి, భయం.

ఓడినప్పుడల్లా క్రీడాసంఘం సమీక్షా సమావేశం పెట్టేది. సంఘానికి అధ్యక్షులు ఎలుగుబంటిగారు. ఆయన జన్మలో చెడుగుడు ఆడలేదు గానీ, దండ వేయించుకోవడానికి మెడ మాత్రం చక్కగా వంచేవారు. కార్యదర్శి గుంటనక్కగారు. ముఖ్య విశ్లేషకులు కొండముచ్చుగారు. కొమ్మ మీద కూర్చుని, కింద ఆడేవాళ్లకు ఆట ఎలా ఆడాలో చెప్పడం ఆయన ఉద్యోగం.

సమావేశంలో దుప్పి తన గోడు చెప్పుకుంది. ఆటస్థలంలో సగం జాగా సంఘం సభావేదిక మింగేసిందనీ, మిగిలిన సగంలో పరిగెత్తితే మగవాళ్ల కొమ్ములు చెట్లకు తగులుకుంటున్నాయనీ, జట్టుకు బలమైన కుర్రాళ్లు కావాలనీ చెప్పింది. అధ్యక్షులవారు కళ్లు మూసుకుని విన్నారు. మధ్యలో గురక కూడా వినిపించింది.

అప్పుడు గుంటనక్కగారు లేచి, ఇవన్నీ చిల్లర విషయాలని కొట్టిపారేశారు. మనకు ఆట రాక ఓడిపోలేదట, మన చరిత్ర మనకు తెలియక ఓడిపోయామట. చరిత్ర అనగానే సభ నిటారుగా కూర్చుంది. అందులో పరిగెత్తే పని లేదు కదా.

మర్నాడే నక్కగారు వాగులోకి దిగారు. ఎండిన వాగులో రాళ్లకేం కొదవ. ఈ అడవి తరఫున ఏనాడైనా ఆడిన ప్రతి ఆటగాడికీ ఒక గులకరాయి కేటాయించారు. రాయి మీద జేగురుమన్నుతో చుక్కలు పెట్టారు. దమ్ముకు ఇన్ని, పట్టుకు ఇన్ని, పరుగుకు ఇన్ని. ఇసకలో గీత గీసి, రాళ్లను అటూ ఇటూ పేర్చి, అరగదీసిన చింతపిక్కలు వేసి ఆడతారు. పడిన పందేన్ని బట్టి రాయి కూతకు వెళ్తుంది, పట్టు పడుతుంది, లేదా అవుటవుతుంది. కూర్చుని రాళ్లు జరిపేవాడి పేరు మేనేజరు.

దీనిలో అసలు మజా చారిత్రక సవాలు. కార్చిచ్చు వచ్చిన ఏడు మన జట్టు ఒక్క పట్టు జారి ఓడిపోయింది. అదే జట్టును తీసుకో, అదే ఆటను గెలిపించు, చూద్దాం. ఇదీ మొదటి సవాలు. నక్కగారు అరపూటలో గెలిచేశారు. గెలవక ఏంచేస్తారు? అవతలి అడవి రాళ్లకు చుక్కలు పెట్టింది కూడా ఆయనే.

సంఘంవారు ఆయన చెవి వెనక నెమలీక దోపి మహామేనేజరు అని బిరుదిచ్చారు. అంతే, అడవికి పిచ్చెక్కింది. వరదొచ్చిన ఏటి జట్టుతో ఒకడు గెలిచాడు. గాలికుంటు రోగంతో సగం మంది కుంటిన ఏటి జట్టుతో ఇంకొకడు గెలిచాడు. కుంటికాళ్ల జట్టుతో గెలిచినవాడికి నెమలీక ఇంకొంచెం పొడుగు. కుందేళ్లు, అడవికోళ్లు, ఆఖరికి తాబేలు కూడా మేనేజరైపోయి, మా జట్టు, మా వ్యూహం అంటూ ఛాతీ విరుచుకుని తిరగడం మొదలుపెట్టాయి.

రాళ్లకు చదునైన నేల కావాలన్నారు. మిగిలిన సగం ఆటస్థలం కూడా తీసేసుకున్నారు. దుప్పి జట్టు పరిగెడితే దుమ్ము లేచి చుక్కలు చెరిగిపోతున్నాయని వాళ్లను తుమ్మపొదల్లోకి తరిమారు. అక్కడ కాళ్లలో ముళ్లు దిగి ఒక్కొక్కరే జారుకున్నారు. ఎక్కడికి పోతారు? మేనేజర్లయ్యారు. ఆయాసపడి ఓడిపోవడం కంటే కూర్చుని గెలవడం సుఖమని ఎవరికైనా తెలుస్తుంది.

దుప్పి ఒకరోజు తన రాయి చూసుకుందామని వచ్చింది. దమ్ము దగ్గర రెండే చుక్కలున్నాయి. ఇదేమిటని కొండముచ్చుగారిని అడిగింది.

“ఆడుతున్నవాళ్లకు తమ ఆట కనపడదమ్మా,” అన్నారాయన జాలిగా. “రాయిని చూసి నేర్చుకోండి. మీ కంటే మీ రాయే నిలకడగా ఆడుతోంది.”

ఆవిడ తుమ్మపొదల వైపు వెళ్లిపోయింది. రాయికి పిల్లలున్నారా అని అడిగి ఉండాల్సింది. నేనైతే అడిగేవాణ్ని.

ఈ గొడవలో నిజంగా బాగుపడ్డవాడు ఒక్కడే, ముసలి ఉడుము. కార్చిచ్చు ఏడు జారిన ఆ పట్టు ఆయనదే. ఆనాటి నుంచి అడవి ఆయన్ని తిట్టని రోజు లేదు. పెళ్లికి పిలిచేవారు కాదు, చావుకి కబురు చేసేవారు కాదు. ఇప్పుడేమో ఆయన రాయి మీద పట్టు కింద పది చుక్కలు. ఉడుంపట్టు కదా, తగ్గిస్తే బాగుండదని పెట్టారు. ఆ రాయి పట్టుకుని గెలిచినవాళ్లంతా దారిలో ఆయనకు దండాలు పెట్టసాగారు. ఆయన రోజూ వచ్చి తన రాయి పక్కన చేరి, గెలుస్తుంటే చూసి కళ్లు తుడుచుకునేవాడు. పాపం, ఒక్కసారైనా గెలుపు ఎలా ఉంటుందో చూడాలని ఎవరికుండదు?

ఎండలు మొదలయ్యాయి. ఆట దగ్గర పడింది. జట్టు ఎంపికకు సంఘం కూర్చుంది.

రాళ్లలో ఎన్నడూ ఓడనిది కార్చిచ్చు ఏటి జట్టు. కాబట్టి ఈ ఏడు కూడా ఆ జట్టునే దింపాలని నక్కగారు ప్రతిపాదించారు. కొండముచ్చుగారు బలపరిచారు. అధ్యక్షులవారు నిద్రలో తలూపారు. ఆ జట్టులో మిగిలి ఉన్నవాళ్లందరికీ మోకాళ్లు పట్టేశాయని గానీ, అడవిదున్న అయితే చచ్చి ఏళ్లయిందని గానీ ఎవరికీ తోచలేదు. తోచినవాళ్లకు నెమలీకల మీద ఆశ ఉంది.

దుప్పి ఆ సాయంత్రం ఉడుము బొరియ దగ్గరికి వెళ్లింది. వెంట పిల్ల ఉంది. పొద్దుటి నుంచి చెలమలో నీరు ఊరక అది ఇసక నాకుతోంది.

“మామా, నీ గోళ్ల సంగతి నీకు తెలుసు. నువ్వు ఆడలేనని చెబితే మిగతావాళ్లు కూడా చెబుతారు. నా జట్టును నేను రాళ్ల దగ్గర్నుంచి పోగు చేసుకుంటాను. పోయినేడు ఒకదాన్ని పోగొట్టుకున్నాను. ఇంకోదాన్ని పోగొట్టుకోలేను మామా.”

ఉడుము సిగ్గుతో చచ్చిపోయాడు. అప్పటికప్పుడు లేచి సంఘానికి వెళ్లాడు. గోళ్లు ఊడిపోయాయనీ, తన పట్టుకి బల్లి కూడా చిక్కదనీ, తనను వదిలేయమనీ బతిమాలాడు.

నక్కగారు రాయి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. “ఇక్కడ పది చుక్కలున్నాయి. రాయి చెప్పేది నమ్మాలా, మీరు చెప్పేది నమ్మాలా?”

ఉడుము తన ముందుకాళ్లు చాచి చూపించాడు. నక్కగారు అటు చూడకుండా మెల్లగా అన్నారు, “చూడండి ఉడుముగారూ, మీరు ఆడనంటే మాకేం నష్టం లేదు. అయితే ఆనాడు పట్టు జారింది మీదేనని అడవికి మళ్లీ గుర్తుచేయాల్సి వస్తుంది.”

ఆయన కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. ఆ దండాలు, ఆ పలకరింపులు, అవన్నీ పోతాయని గుండెలో రాయి పడింది. సరేనని తల వంచుకుని వచ్చేశాడు. దుప్పికి ఎదురుపడకుండా చుట్టు తిరిగి బొరియకు చేరుకున్నాడు. నాకు ఆయన మీద కోపమూ వస్తుంది, జాలీ వేస్తుంది.

ఆటరోజున రెండు అడవులూ మడుగు ఒడ్డున చేరాయి. మన జట్టు కుంటుకుంటూ దిగింది. ఎడమ మూల అడవిదున్న ఉండాల్సిన చోట కొండముచ్చుగారు ఒక గులకరాయి తెచ్చి భద్రంగా పెట్టి, దానికి దండం పెట్టారు.

అవతలి కెప్టెన్ అడవిపంది, వయసులో ఉన్న ఆడది. ఆ రాయి ఏమిటని మర్యాదగానే అడిగింది. మా ఆటగాడు అన్నారు నక్కగారు. అవుటయితే అతనే బయటికి వెళ్తాడా, మేము మొయ్యాలా అని ఆవిడ అడిగింది. ఆ అడవి వాళ్లు చాలాసేపు నవ్వారు.

ఇంక ఆట సంగతి చెప్పడానికి నాకే నామోషీగా ఉంది. మనవాళ్లు కూతకు వెళ్తే గీత దాటకముందే దమ్ము తెగేది. అవతలివాళ్లు కూతకు వస్తే మనవాళ్లు పట్టుకోబోయి ఒకరినొకరు పట్టుకునేవారు. ఎవరో రాయి మీద నుంచి దూకి వెళ్లారు, రాయి ఏమీ అనలేదు.

గట్టు మీద దుప్పి నిలవలేకపోయింది. నన్ను దింపండి, ఇంకా ఆట ఉంది అని నక్కగారి కాళ్లకు అడ్డం పడింది. నక్కగారు చిరాకుపడ్డారు. ఇది కార్చిచ్చు ఏటి జట్టు, నువ్వప్పటికి పుట్టనేలేదు, నిన్ను దింపితే చరిత్ర పాడైపోతుందన్నారు.

ఆఖరి కూతకు అడవిపందే స్వయంగా వచ్చింది. ఉడుము ఎక్కడ దాచుకున్న బలమో తెచ్చుకుని దాని వెనక కాలు పట్టుకున్నాడు. గోళ్లు లేవు. పళ్లతో కూడా పట్టాడు. అది కూత ఆపకుండా ఆయన్ని దుమ్ములో ఈడ్చుకుంటూ గీత దాటింది. దాటాక కూడా ఆయన వదల్లేదు. వాళ్లే వచ్చి నెమ్మదిగా విడదీశారు. ఆయన మూతి నిండా మన్ను, రక్తం.

అడవిపంది గసపోసుకుంటూ నిలబడి, గట్టు మీద ఉన్న దుప్పినీ పిల్లనీ చూసింది. పిల్ల మడుగు వైపు మెడ చాచి ఉంది.

“పోయినేడు నీతో ఆడాను. ఆ రోజు నాకు చెమటలు పట్టించావు,” అంది దుప్పితో. “మా జట్టులో ఆడేవాళ్లు మా మడుగులో తాగుతారు. వాళ్ల పిల్లలూ తాగుతారు. వస్తావా?”

దుప్పి వెనక్కి తిరిగి తన అడవిని ఒకసారి చూసింది. పుట్టిన అడవి, ఎంతైనా బాధ ఉంటుంది. తర్వాత దుమ్ములో కూర్చుని ఉన్న ఉడుము దగ్గరికి వెళ్లి, లే మామా పోదాం అంది. ఆయన తలెత్తలేకపోయాడు. నేనెందుకమ్మా, నావల్లే కదా అన్నాడు. నీవల్ల కాదని ఆవిడ అనలేదు. నీకూ దాహం వేస్తుంది కదా అంది. ముగ్గురూ అటు వెళ్లారు. వాళ్ల వెనకే దుప్పుల మంద, వాటి వెనక ఇంకా కొన్ని నడిచాయి. పిల్ల నీళ్లలో మూతి పెట్టి చాలాసేపు ఎత్తలేదు.

సంఘం మాత్రం ఆ సాయంత్రమే అత్యవసరంగా సమావేశమైంది. ఓటమి మీద సమీక్ష అన్నారు. నక్కగారు లేచి, ఓటమి అని ఎవరన్నారు అని అడిగారు.

“పొద్దున జరిగింది కాబట్టి ఈ ఆట కూడా ఇప్పటికి చరిత్రే,” అన్నారాయన. “చరిత్రయితే మన పని మనకు చేతనవును. తీయండి రాళ్లు.”

ఇసకలో గీత గీశారు. చింతపిక్కలు వేశారు. పొద్దుగూకేలోపు ఆ ఆటను గెలిచేశారు. గెలిచిన ఆనందంలో ఊరేగింపు తీశారు. తాగడానికి నీళ్లు లేవు గానీ డప్పులు బాగానే మోగాయి.

కొండముచ్చుగారు నక్కగారి చెవిలో, దుప్పి అవతలి జట్టుకు వెళ్లిపోయింది, వచ్చే ఏడు మనకు కష్టమేమో అన్నారు. నక్కగారు నవ్వి సంచిలోంచి దుప్పి రాయి తీశారు.

“పోతే పోనీ. రాయి మన దగ్గరే ఉందిగా,” అంటూ దాని దమ్ముకు పది చుక్కలు పెట్టారు.

అధ్యక్షులవారిని వేదిక ఎక్కించి దండ వేసి, నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆయన నోరు తెరిచారు. నాలుక అంగిలికి అంటుకుపోయి మాట రాలేదు. అది మౌనంతో నిండిన గొప్ప ఉపన్యాసమని సభ చప్పట్లు కొట్టింది. కొడుతూనే వెనక వరసలో ఒక ముసలి జింక సోలి పడిపోయింది. జనం దాన్ని పక్కకు జరిపి, ఆ జాగాలో కూర్చున్నారు.

నీతి చెప్పందే కథ ఒప్పుకోరు కాబట్టి ఇదిగో: దాహంతో చచ్చినా ఫరవాలేదు గానీ, చరిత్రలో మాత్రం ఓడిపోకూడదు.