మూడో పుపూసా కోసం పెదబాబు గారి సంగ్రామం

గోదావరీ మహానదీ శాఖా పరివేష్టితమై, నారికేళవన ఘనచ్ఛాయా శీతలమై, రొయ్యల చెరువుల్లో చక్రాలు నీటిని చిలికే ఘోషతో అహర్నిశలూ మార్మోగుతూ, అడిగినవాడికీ అడగనివాడికీ విస్తరి వేసి 'ఇంకొంచెం, ఇంకొంచెం' అంటూ ప్రాణం తోడేసే మర్యాదకు పుట్టినిల్లయిన కోనసీమలో, ఒకానొక మంగళవారం నాడు, సూర్యభగవానుడు కొబ్బరిమట్టల సందుల్లోంచి జనుల నడినెత్తికి గురిపెట్టిన మధ్యాహ్నవేళ, అమలాపురం కాలువగట్టు రోడ్డు మీద జరిగిన ఘోర సంగ్రామమిది. సావధానంగా వినండి. ఇందులో ఏనుగులు లేవు, గుర్రాలు లేవు. ఒక పెనం ఉంది.

ఈ గాథకు నాయకుడు అల్లవరం వాస్తవ్యుడు, ఆరు రొయ్యల చెరువుల అధీశ్వరుడు, గుబురుమీసాల గండరగండడు పెదబాబు. ఆయన పరాక్రమమంతా పరుల వంట మీదే. ఏ పెళ్లికి వెళ్లినా పప్పులో ఉప్పు తక్కువైందనీ, పులుసులో పులుపు ఎక్కువైందనీ ప్రకటించి, వంటమేస్త్రి ముఖం మాడిన మూకుడులా మారేదాకా చెయ్యి కడగని ఘనుడు. అలా ప్రకటించే ముందు నాలుగుసార్లు మారు వేయించుకుంటాడన్న సంగతి లోకవిదితం. వేయించుకుంటాడే గానీ, నోరు తెరిచి 'వెయ్యండి' అని ఏనాడూ అడిగి ఎరుగడు. 'వద్దండి, వద్దండి' అంటూ విస్తరికి అరచెయ్యి అడ్డం పెడతాడు. వడ్డించేవాడు ఆ వేళ్ల సందుల్లోంచే వేస్తాడు. మొదటి వద్దు మర్యాద, రెండో వద్దు మొహమాటం, మూడో వద్దుకు చెయ్యి దానంతటదే పక్కకు తప్పుకుంటుంది. తరతరాలుగా ఈ సీమలో విందు భోజనాల యుద్ధధర్మం ఇదే.

ఆ ధర్మాన్ని మరిచిపోయిన ప్రతివీరుడు కృపారావు. ఇరవై రెండేళ్లు సరుకు ఓడల్లో వంటవాడిగా సప్తసముద్రాలూ తిరిగి, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ దేశపు తోటి వంటవాడి దగ్గర పుపూసా విద్యను ఆమూలాగ్రం అభ్యసించి, సొంతూరు చేరి, ఆరు బల్లలు వేసి హోటలు పెట్టాడు. సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్నలను కడిగి, రుబ్బి, ఆ ముద్దలో రాజ్మా ముద్దా చీజూ కూరి, అరచేతుల మధ్య తపతపా తట్టి, పెనం మీద కాల్చి, పక్కన పులియబెట్టిన క్యాబేజీ తురుము పెట్టి ఇస్తాడు. ఆ మందపాటి రొట్టే పుపూసా. అరవై రూపాయలకు రెండు. పొద్దున రుబ్బిన పిండి అయిపోతే ఆ రోజుకు అంతే. ఇక ఓడ మీద ఇరవై రెండేళ్లు బతికినవాడికి వద్దంటే వద్దనే అర్థం.

ఆనాడు పెదబాబు ఆ గుమ్మం తొక్కడానికి కారణం వియ్యంకుడు శ్రీరాములు. మండపేటలో రైసుమిల్లు గల ఆసామి. తన ఆడపిల్లను ఇచ్చిన ఇంటి పెద్ద కనక ఆయన మాట పెదబాబుకు శిరోధార్యం.

"బావగారూ, ఊరంతా అదేదో పుపూసా అంటున్నారు. ఓసారి చూద్దామండి," అన్నాడు శ్రీరాములు.

పెదబాబు మీసం దువ్వాడు. అనంతరం, బైకులు ఆపుకునే చోట నిలబడి, దారినపోయే ఆటోవాళ్లు కూడా వినేలా ఇలా గర్జించాడు: "మొక్కజొన్నండీ! మా దూడలకి తవుడులో కలిపి పెడతాం కదండీ, అదే! మీరు మిల్లులో బస్తాలకి బస్తాలు బియ్యం ఆడిస్తుంటే, మనం వచ్చి పశువుల దాణా తినాలాండీ? మీ మాట కాదనలేక వస్తున్నాను. ఓ ముక్క కొరికి, ఇంటికెళ్లి పెరుగన్నం తింటాను. ఈ హోటల్లో నేను నోరు తెరిచి ఇంకోటి అడిగేనంటే, ఇదిగో, ఈ మీసం తీయించేస్తాను!"

పక్కనే ఉన్న ఆయన ధర్మపత్ని సూరమ్మ ఆ మీసం వంక నిర్లిప్తంగా చూసింది. "ముందు లోపలికి పదండి, ఎండ మండిపోతుంది," అంది.

కూర్చున్నారు. తలా రెండేసి పుపూసాలు పళ్లేలలో అవతరించాయి. పెదబాబు మొదటిదాన్ని శత్రుశిరస్సును పరీక్షించినట్టు ఇటూ అటూ తిప్పాడు.

"సున్నంలో ఉడకబెడతారంటండీ," అన్నాడు వియ్యంకుడితో, హేళనగా. "సున్నం తాంబూలానికి వాడతాం గానీ, కూడులో వేస్తారాండీ ఎవరైనా?"

అని తుంచాడు. లోపలి చీజు తీగలు తీగలుగా సాగింది. నోట పెట్టుకున్నాడు. ఆ క్షణాన ఆ మహావాగ్ధాటి, వానాకాలపు కరెంటులా, హఠాత్తుగా ఆగిపోయింది. మాడీ మాడని మొక్కజొన్న వాసన, రాజ్మా ముద్ద మెత్తదనం, క్యాబేజీ పులుపు ఏకకాలంలో మూడు దిక్కుల నుంచి ముట్టడించగా ఆయన అభిమానదుర్గపు తలుపులు బార్లా తెరుచుకున్నాయి. మొదటిది ఎటు పోయిందో తెలియలేదు. రెండోది పోతున్నప్పుడు ఆయన కళ్లు అరమూతలు పడ్డాయి.

"ఎలా ఉందండీ దాణా?" అంది సూరమ్మ.

"ఏదోలే," అన్నాడు పెదబాబు, పళ్లెం అంచు వేలితో తుడుస్తూ.

అప్పుడు కృపారావు అట్లకాడ మీద పొగలు కక్కే పుపూసాతో బల్ల దగ్గరకు వచ్చాడు. "అయ్యగారూ, ఇంకోటి వెయ్యమంటారా?"

పెదబాబు హృదయం మృదంగమైంది. ఒట్టు భంగం కాకుండా కడుపు నిండే దివ్యమార్గం దొరికింది. తాను అడగడు, వాళ్లే వేస్తారు! అరచెయ్యి పళ్లెం మీద అడ్డం పెట్టాడు, వేళ్ల మధ్య పుపూసా పట్టేంత సందు వదిలి.

"అబ్బే, వద్దండి."

"ఆయ్, సరేనండి," అని కృపారావు వెళ్లిపోయాడు.

ఆ పుపూసా పక్క బల్ల మీద వాలింది. పెదబాబు చెయ్యి మాత్రం గాలిలో అలాగే ఉండిపోయింది. పందిట్లో భోక్తలను వదిలేసి వడ్డించేవాడు వెళ్లిపోవడం ఆయన వంశంలో ఎవరూ చూడని ఉత్పాతం. రెండో 'వద్దు' గొంతులో, మూడో 'వద్దు' గుండెలో నిలిచిపోయాయి. ఇక ఆయన పరోక్షాస్త్రాలు తీశాడు. నిట్టూర్చాడు. ఖాళీ పళ్లేన్ని కాస్త ముందుకు జరిపాడు. "పుపూసాలు పెద్దవేం కాదులెండి, అరచేతిలో సగం," అని గోడకు చెప్పాడు. "వేడిగా ఉన్నప్పుడైతే ఓ మాదిరిగా ఉంటాయేమో," అని పైకప్పుకు చెప్పాడు. గోడ గానీ పైకప్పు గానీ వడ్డించలేదు.

పెనం దగ్గర నుంచి కృపారావు కేక వేశాడు: "ఆఖరిదండీ! ఎవరికి వెయ్యమంటారు?"

పెదబాబు వెన్ను నిటారైంది. ఆకలి 'నాకు' అంది. ఒట్టు 'మీసం' అంది. మర్యాద 'వియ్యంకుడు' అంది. ముగ్గురిలో మర్యాదే బలమైనది కాబట్టి, "బావగారికి వెయ్యండి," అన్నాడు.

శ్రీరాములు గుటక మింగాడు. ఆయనా కోనసీమ అంచువాడే. "అబ్బే, నాకెందుకండీ. బావగారికే వెయ్యండి."

"అదేం మాటండీ, ముందు మీరు."

"మీరుండగా నేనేంటండీ!"

"ఇద్దరికీ వద్దా అండీ?" అడిగాడు కృపారావు, ఓడ మీద నేర్చిన నిష్కల్మషమైన మనసుతో.

"వద్దండి," అన్నారు వియ్యంకులిద్దరూ ఏకకంఠంతో, అది రెండో వద్దు అన్న నమ్మకంతో.

"అయితే ఇలా వేసెయ్యండి తమ్ముడూ," అంది సూరమ్మ.

అంతే. మహావృక్షాలు రెండు ఒకదానికొకటి నమస్కరించుకుంటూ ఉండగా పండును ఉడుత పట్టుకుపోయింది. సూరమ్మ తల ఎత్తకుండా, తొందరపడకుండా, చీజు సాగదీసి సాగదీసి తింటోంది.

"ఏమేవ్," అన్నాడు పెదబాబు, హీనస్వరంతో.

"మీకు వద్దన్నారుగా," అంది సూరమ్మ, నములుతూ.

అప్పుడు ఆ వీరుడి అంతరంగంలో ఒక మహాప్రళయం. ఏడు తరాల పూర్వీకులు చేతులు అడ్డం పెట్టుకుని పైనుంచి చూస్తుండగా, నుదుట చెమట పట్టగా, మీసం తనకు తానే వణకగా, పెదబాబు లేచి నిలబడ్డాడు. పెదవులు కదిలాయి. మొదట గాలి వచ్చింది. తరువాత మాట వచ్చింది.

"ఒకటి... వెయ్యండి."

శ్రీరాములు నోరు తెరిచాడు. సూరమ్మ నమలడం ఆపింది.

"అయ్యయ్యో, పిండి అయిపోయిందండీ," అన్నాడు కృపారావు బాధగా. "ముందే అనుంటే అట్టేపెట్టేవాణ్ని కదండీ! పెనం మీద కారి మాడిన చీజు చెక్కు ఒకటుంది. అది వెయ్యమంటారా?"

"వెయ్యండి!" అన్నాడు పెదబాబు. రెండోసారికి ఎంత తేలికైందో!

గోధుమరంగు చెక్కు, రూపాయి బిళ్లంతది, పళ్లెంలో పడింది. కానీ శత్రుశేషం మిగిలే ఉంది. వియ్యంకుడికి చూపించకుండా తినడం మహాపాతకం. పెదబాబు పళ్లెం అటు జరిపాడు.

"బావగారూ, పుచ్చుకోండి."

శ్రీరాములు అరచెయ్యి అడ్డం పెట్టాడు, వేళ్ల మధ్య సరిగ్గా రూపాయి బిళ్లంత సందు వదిలి. "అబ్బే, వద్దండి."

పెదబాబు ఆ సందు వంక చూశాడు. కృపారావు వంక చూశాడు. ఒక్క దినంలో ఇరవై రెండేళ్ల సముద్రయానం చేసినంత జ్ఞానం ఆయన ముఖాన వెలిగింది.

"ఆయ్, సరేనండి," అని చెక్కు నోట్లో వేసుకున్నాడు.

కరకర! ఆ శబ్దం అల్లవరం దాకా వినిపించి ఉండాలి. కాలువలో నీళ్లు ఒక్క క్షణం ఆగి ఉండాలి. ఈ విధంగా అల్లవర వీరుడు పెదబాబు మొహమాట మహాసురుణ్ని మర్దించి, వియ్యంకుణ్ని వంచించి, రూపాయి బిళ్లంత మాడుచెక్కును యావజ్జీవం అనుభవించడానికి కాక, మూడుసార్లు నమిలి మింగేయడానికి జయించాడు. పిమ్మట మీసం జోలికి ఎవరూ రాకముందే గబగబా చెయ్యి కడుక్కుని, గుమ్మం దగ్గర ఆగి, కృపారావు వైపు తిరిగి, విజేతలకే చెల్లే గాంభీర్యంతో సెలవిచ్చాడు:

"ఆ చెక్కులో ఉప్పు కాస్త తక్కువైందండి."