టైమింగ్ బెల్టూ, సంసార సౌఖ్యమూ

కారు టైమింగ్ బెల్ట్‌ను గ్యారేజీలో మార్పించుకునే మగవాళ్ళను చూస్తే నాకు జాలి వేస్తుంది. చేతికందిన అదృష్టాన్ని కాలదన్నుకుంటున్నారు పాపం!

అదేమిటో తెలియనివారికి చెబుతాను. ఇంజన్లో పై చక్రమూ కింది చక్రమూ కలిసికట్టుగా తిరిగేలా చూసే పళ్ళ రబ్బరు పట్టీ అది. ఒక్క పన్ను అటో ఇటో అయిందంటే లోపలి సామానంతా ఒకదాన్నొకటి గుద్దుకుని ఇంజన్ మూలపడుతుంది. ఇంత ప్రమాదకరమైన పనిని, అది తెలిసినవాళ్ళ చేతిలో పెడతామా?

మా బావగారు పెట్టలేదు. ఆయన పళ్ళ డాక్టరు. ఆమధ్య ఒక శుక్రవారం మా అక్క ఆయనకు శుభవార్త చెప్పింది. ఊరి చివరి స్కూల్లో సైన్స్ టీచర్ ఉద్యోగం వచ్చింది. పెళ్ళయ్యాక ఇదే మొదటి ఉద్యోగం. సోమవారం చేరాలి. అటు బస్సు పోదు.

"కారు నేను తీసుకెళ్తానండీ. మీ క్లినిక్ వీధి చివరే కదా," అంది అక్క. ఆమెకు లైసెన్స్ వచ్చి చాలాకాలమైంది. అది పర్సులో భద్రంగా ఉంది.

బావగారు ఎంతో సంతోషించారు. ఆ సంతోషంలోనే ఆయనకు బెల్ట్ గుర్తుకొచ్చింది.

"పాత బెల్ట్‌తో నిన్నెలా పంపుతాను? దారిలో తెగితే?" అన్నారు. భార్య మీద ఎంత ప్రేమ ఉంటే ఇంత అనుమానం వస్తుంది, చెప్పండి!

"గ్యారేజీలో ఇస్తే రేపు మధ్యాహ్నానికల్లా చేసిచ్చేస్తారుగా."

"వాళ్ళకేం పట్టింది? వీడియో చూశాను. పళ్ళతో పనే కదా, నేను చూసుకుంటాలే."

శనివారం పొద్దున్నే మొదలుపెట్టారు. వ్యాయామానికి జిమ్‌కు డబ్బు కట్టేవాళ్ళు ఆ రోజు మా బావగారిని చూసి ఉండాల్సింది. ఒక బోల్టు కోసం బోర్లాపడ్డారు, ఇంకో బోల్టు కోసం వెల్లకిలా దొర్లారు. మూడోదాని కోసం చెయ్యి లోపల పెట్టి, అది బయటికి రాక, టిఫిన్ ఎడమచేత్తో తిన్నారు.

ఇక ఇరుగుపొరుగు సఖ్యత సంగతి! ఎన్నడూ పలకరించని పక్కింటాయన కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నాడు. ఎదురింటాయన "అటు తిప్పాలి" అన్నాడు. పక్కింటాయన "ఇటు" అన్నాడు. ఇప్పుడు వాళ్ళిద్దరికీ మాటల్లేవు గానీ, ఆ పూటకు ఎంత సందడి! బావగారు ఇవేవీ పట్టించుకోకుండా, నోరు చూసే చిన్న అద్దాన్ని ఇంజన్ సందులో దూర్చి, "కొంచెం వాపుంది" అన్నారు అలవాటుగా.

పాత బెల్ట్ తీసేముందు చక్రాలు ఎక్కడ ఉన్నాయో గుర్తులు పెట్టుకోవాలి. కొత్తది ఆ గుర్తుల ప్రకారమే ఎక్కించాలి. బావగారు మార్కర్ పెన్నుతో నీటుగా గీతలు పెట్టారు. బెల్ట్ ఊడబీకారు. కానీ ఊడబీకిన చోటును శుభ్రం చేయకుండా వదలడం ఆయన వృత్తిలో లేదు. దూదిని స్పిరిట్‌లో ముంచి చక్రాలు రెండూ తళతళలాడేలా తుడిచారు. గీతలు పోయాయి. ఆ తుడుపుకు చక్రాలు కూడా కాస్త తిరిగాయి.

ఆదివారం ఇల్లంతా ప్రశాంతం. ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. ఇలాంటి ప్రశాంతత కోసం జనం కొండలూ కోనలూ పట్టుకుని తిరుగుతున్నారు! మధ్యాహ్నం బావగారే నోరు విప్పారు.

"స్కూలువాళ్ళను ఒక వారం ఆగమని అడుగు."

"వారం ఆగితే ఇంకొకరిని పెట్టుకుంటారు," అంది అక్క. ఆమెకు నిజంగా ఏడుపొచ్చింది. ఏడవలేదు. ఆయన చేతిలోని అద్దం తీసుకుని వెళ్ళి ఇంజన్ ముందు కూర్చుంది. చాలాసేపు చూసింది.

"ఏవండీ, చక్రాల మీద చెక్కిన గీతలున్నాయి. వెనక రేకు మీద కూడా ఉన్నాయి. కంపెనీవాళ్ళే పెట్టినట్టున్నారు. ఇవి ఎదురెదురుగా రావాలేమో."

చక్రాలు తిప్పి చూస్తే, వచ్చాయి. బావగారు కొత్త బెల్ట్ ఎక్కించారు. అక్క పానా పట్టుకుని ఇంజన్‌ను చేత్తోనే నెమ్మదిగా తిప్పి చూసింది. ఎక్కడా తట్టుకోలేదు, గీతలు మళ్ళీ ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి. సాయంత్రానికి బండి బుద్ధిగా స్టార్ట్ అయింది.

సోమవారం అక్క బ్యాగు తగిలించుకుని బయటికొచ్చేసరికి డ్రైవింగ్ సీట్లో బావగారున్నారు.

"కొత్త బెల్ట్ కదా. కొన్నాళ్ళు నా చేతికింద కుదురుకోనీ. తర్వాత చూద్దాం."

చూశారా, అసలు లాభం ఇక్కడుంది! గ్యారేజీలో ఇచ్చి ఉంటే శనివారమే బండి తయారయ్యేది. అప్పుడు భార్యకు తాళంచెవి ఇవ్వకుండా ఉండటానికి ఆయనకు ఏ సాకు మిగిలేది? ఆడవాళ్ళకు లైసెన్స్ ఇవ్వడానికి ఆఫీసుంది గానీ, ఇంట్లోంచి తాళంచెవి ఇప్పించే ఆఫీసు నాకు తెలిసి ఎక్కడా లేదు.

అక్క వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.

"సరే, పోనివ్వండి. సాయంత్రం బడి వదిలే వేళకు గేటు దగ్గరుండండి. రేపు కూడా."

ఆయన ఉన్నారు. మర్నాడు కూడా ఉన్నారు. ఇక్కడ క్లినిక్ మెట్ల మీద జనం దవడలు పట్టుకుని కూర్చున్నారు. బుధవారం పొద్దున బావగారే వచ్చి తాళంచెవి అక్క చేతిలో పెట్టారు.

"బెల్ట్ కుదురుకున్నట్టే ఉంది," అన్నారు ఎటో చూస్తూ.

"బెల్ట్ ఆదివారమే కుదురుకుందండీ," అంది అక్క, సీటును తన కాళ్ళకు అందేలా ముందుకు జరుపుకుంటూ.