రెండో పిలుపు

సర్వజనులకూ తెలియజేయడమేమనగా, విజయ నామ సంవత్సరం ఆషాఢంలో, నరసాపురం తాలూకా పాలమెరక గ్రామస్థులైన శ్రీ బంగార్రాజుగారు తాము చేసిన అప్పు తీర్చేయదలచుకున్నట్టు నలుగురి ముందూ ప్రకటించారు. ఊరు నిర్ఘాంతపోయింది. అప్పు చేయడం మా ఊళ్ళో వింత కాదు. వడ్డీ కట్టడం కూడా గౌరవనీయమైన వృత్తే. కాని అసలు తీర్చినట్టు మా తాతల నాటి నుంచీ ఎక్కడా దాఖలా లేదు. పెద్దలు కంగారుపడి, ఆయనకు వంట్లో ఎలా ఉందో కనుక్కు రమ్మని నన్ను పంపారు. నేను ఆయన పక్కింటివాణ్ణి, వరసకు తమ్ముణ్ణి.

వంట్లో కులాసాగానే ఉంది. ఇంట్లోనే బాగాలేదు.

ఆ అప్పు పుట్టుక చాలా ఘనమైనది. నాలుగేళ్ళ కిందట ఎవరో దొరగారు పడవ మీద కాలవ వెంట వెళుతూ మా రేవులో ఒక గంట దిగుతారని కబురొచ్చింది. ఊరి పరువు తన భుజాల మీదే ఉందనుకున్న బంగార్రాజుగారు, కాలవ అవతలి గట్టున ఉండే వెంకటరాజుగారి దగ్గర రెండువందల యాభై రూపాయలు నోటు రాసి తెచ్చి, రేవు పొడుగునా పందిళ్ళు వేయించి, కోడి పలావుతో మొదలుపెట్టి కాజాలతో ముగించారు. దొరగారి పడవ వచ్చింది. దొరగారు లోపల నిద్రపోతున్నారట. పడవ ఆగకుండా వెళ్ళిపోయింది, పడవ నడిపే సరంగు మాత్రం చెయ్యి ఊపాడు. పందిట్లో ఉన్నదంతా మేము మూడు రోజులు కష్టపడి తిని రాజభక్తి చాటుకున్నాం.

నోటుకు తాకట్టు, కాలవ కింద మూడెకరాలు. ఆ ఇంటికి అన్నం పెట్టేది ఆ మూడెకరాలే.

వడ్డీ నూటికి నెలకు రూపాయి. అదేమంత అన్యాయం కాదు. అన్యాయమంతా మా ఊరి మర్యాదలో ఉంది. తెలియనివారి కోసం ఆ చట్టాన్ని సంగ్రహంగా చెబుతాను. గడప తొక్కిన వాణ్ణి ఇంటివాళ్ళు "భోంచేసి వెళ్ళండి" అనాలి. వచ్చినవాడు రెండు రోజులుగా పస్తున్నా సరే, "అయ్యిందండి" అనాలి. అప్పుడు ఇంటివాళ్ళు రెండోసారి పిలవాలి. "ఇప్పుడే కదండీ" అనాలి. మూడోసారి పిలిస్తే, మీ మాట తీసెయ్యలేక అన్నట్టు మొహం పెట్టి కాళ్ళు కడుక్కోవాలి. మొదటి పిలుపుకే కూచున్నవాడు తిండిపోతు. రెండో పిలుపు పిలవని ఇల్లు మా ప్రాంతంలో పుట్టలేదని చెప్పుకునేవాళ్ళం.

ప్రతి నెలా వెంకటరాజుగారు వడ్డీ వసూలుకు వచ్చేవారు. వెంట గుమాస్తా, బండి తోలే సత్తియ్య, ఊరికే తోడు వచ్చే బావగార్లు ఇద్దరు. మూడు పిలుపులూ జరిగేవి. రొయ్యల ఇగురూ, పనసపొట్టు కూరా, గడ్డపెరుగూ జరిగేవి. వడ్డీ రెండున్నర రూపాయలు, భోజనాలు అయిదు రూపాయలు. భోజనాలకు చాలని సొమ్ము అదే అరుగు మీద వెంకటరాజుగారే సర్దేవారు, నోటు తిరగరాయించుకునేవారు. ఆయన చాలా దయగలవారు. నాలుగేళ్ళు తిరిగేసరికి రెండువందల యాభై నాలుగువందలయింది. వచ్చే ఉగాదికి సొమ్ము ముట్టకపోతే పొలం నాదేనని ఆఖరిసారి పెరుగన్నం కలుపుకుంటూ ఆయన సెలవిచ్చారు.

బంగార్రాజుగారికి నిద్ర పట్టడం మానేసింది. అప్పుడే ఆ ప్రకటన చేశారు. మితవ్యయం మొదలైంది.

రోజుకు నాలుగు చుట్టలు కాల్చే మనిషి ఒక్కటీ ముట్టేవారు కాదు. నేను కాలుస్తుంటే గాలి ఎటు వీస్తోందో చూసుకుని ఆ వైపు నిలబడేవారు. చెప్పులు ఊరి పొలిమేర దాకా చేత్తో పట్టుకెళ్ళి, అవతలి ఊళ్ళోకి అడుగుపెట్టే ముందు తొడుక్కునేవారు. పంచె చిరుగు లోపలికి పోయేలా కట్టడంలో ఎంత నేర్పు సంపాదించారంటే, ఒకే పంచెలో నాకు మూడు రకాల అంచులు కనిపించేవి. ఆయన భార్య రామతులసిగారి మజ్జిగ పలచబడి పలచబడి, చివరికి లోటాలో మన మొహం చూసుకోవడానికి వీలుగా తయారైంది. ఇవన్నీ నేను దగ్గరుండి చూసి మెచ్చుకున్నాను, ఊరంతా తిరిగి చెప్పాను.

చేపల విషయంలోనే చిక్కొచ్చింది. చేపలమ్మే వీరవేణి, గోదావరిలో పడ్డ మొదటి పులస ఏటా ఆయన గుమ్మానికే తెచ్చేది. ఆ ఏడు బంగార్రాజుగారు తలకాయలు మాత్రం తీసుకుని, "పిల్లికే వేణీ, పిల్లికి" అన్నారు. వీరవేణి గంప నెత్తిన పెట్టుకుని, కాలవ దాకా వినబడేలా, "రాజుగోరి పిల్లి పులస తలకాయలే తింటందటండీ బాబూ!" అంటూ పోయింది. అంత గొప్ప పిల్లిని చూడాలని మర్నాడు ఊరు కదిలింది. ఆ ఇంట్లో పిల్లి లేదు. పరువు పోతుందని రాజుగారు తెల్లారేసరికి ఒక పిల్లిని సంపాదించారు. దానికి చేప, పాలు. చూడవచ్చిన వాళ్ళకు మూడు పిలుపులు. శ్రావణమాసం ఖర్చు ఆషాఢం కంటే పదకొండు రూపాయలు పెరిగింది.

ఆ లెక్క వేసింది రామతులసిగారు. వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు గీసి, ఒక వైపు వడ్డీ, ఒక వైపు భోజనాలు వేసి చూశారు. భర్తను పిలిచి చూపించారు.

"మనం అప్పు తీర్చట్లేదండి. అప్పిచ్చినాయన్ని మేపుతున్నాం."

"ఏం చేస్తాం తులసీ, ఇంటికొచ్చిన మనిషిని..."

"రానివ్వడమెందుకండీ? మనమే వెళదాం. వడ్డీ ఇవ్వాల్సిన వాళ్ళం మనం, ఆయన ఎండన పడి రావడమేంటి, తప్పు కాదూ?"

బంగార్రాజుగారు గోడ మీది గీతలు మరోసారి లెక్కపెట్టారు. ఆయనకు అర్థమైంది. సిగ్గు కూడా వేసింది. కాని మూడెకరాలు గుర్తొచ్చి సిగ్గును దిగమింగారు.

అది మొదలు వడ్డీ రోజువారీగా చెల్లించడం ఆరంభమైంది. నాలుగువందలకు నెలకు నాలుగు రూపాయలు గదా, రోజుకు రెండణాలు, నెలాఖరున మరో నాలుగణాలు. ప్రతిరోజూ సరిగ్గా వంట దిగే వేళకు వంతెన దాటి వెంకటరాజుగారి గడప తొక్కేవారు. ఆ రెండణాలూ జాగ్రత్తగా మోసుకురావడానికి నలుగురు పిల్లలు. ఎండకు వాళ్ళకు గొడుగు పట్టడానికి రామతులసిగారు. నోటు వెనక చెల్లు రాసినప్పుడు సాక్షి ఉండాలి గనుక, నేను.

వెంకటరాజుగారి భార్య పెద్దింట్లమ్మగారు సాక్షాత్తూ అన్నపూర్ణ. ఇది ఎత్తిపొడుపు కాదు, ఆ తల్లి చేతి తిండి తిన్నవాణ్ణి, నిజం చెబుతున్నాను. మనిషి కనబడితే చాలు, ఆమెకు మూడు పిలుపులకూ వ్యవధి ఉండేది కాదు. "భోంచేసి వెళ్ళండి, అయినా పర్లేదండి, రెండు ముద్దలే కదండీ, లేవండి లేవండి, ఆకులేశాం" అని ఒక్క గుక్కలో అనేవారు. మేం "అయ్యిందండి" అనేలోపు ఆకులో పప్పు పడిపోయేది.

మొదటి వారం వెంకటరాజుగారు ముచ్చటపడ్డారు. రెండో వారం ఆశ్చర్యపడ్డారు. మూడో వారం ఆవకాయ జాడీల దగ్గర నిలబడి లెక్కపెట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. భోజనం వేళ ఒక గంట ముందుకు జరిపారు. మేమూ జరిగాం. రెండు గంటలు వెనక్కు జరిపారు. మేం అరుగు మీద కూచుని దేశకాల పరిస్థితులు మాట్లాడుకుంటూ ఆగాం. ఏకాదశి ఉపవాసం అన్నారు. "మాకూ ఉపవాసమేనండి" అన్నారు బంగార్రాజుగారు. ఆ రోజు ఫలహారాల కింద అయిన ఖర్చు మామూలు రోజు కంటే ఎక్కువని గుమాస్తా నాతో వాపోయాడు.

రావద్దని అనవచ్చు గదా అని మీరనుకోవచ్చు. అనకూడదు. మా చట్టంలో అలాంటి మాట లేదు. పాపం వెంకటరాజుగారు చేయగలిగినంత చేశారు.

"ఇంత ఎండలో రోజూ మీరిలా రావడం నాకేం బాగాలేదండి, బంగార్రాజుగారూ."

"ఆయ్, మీ ఇల్లు గాబట్టి వస్తున్నామండి. పరాయి ఇల్లయితే వస్తామా?"

"అది కాదండి. నెలకోసారి నేనే వస్తాను కదా."

"అయ్యయ్యో, మీకు శ్రమ ఇవ్వడమే? పాపం చుట్టుకుంటుందండి మాకు."

నిజం చెప్పొద్దూ, అక్కడ తినేటప్పుడు బంగార్రాజుగారు తలెత్తేవారు కాదు. పెద్దింట్లమ్మగారు మారు వడ్డిస్తుంటే ఒకసారి ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం చూశాను. మిరపకాయ కొరికానన్నారు. ఆ పూట ఆకులో మిరపకాయ లేదు.

ఇంటి దగ్గర మధ్యాహ్నం పొయ్యి ఆరిపోయింది. గాదెలో ధాన్యం నిలిచింది. ఇంట్లో మనుషులుంటే గదా అతిథులు రావడం, మధ్యాహ్నం వేళ ఆ గుమ్మానికి తాళమే ఉండేది. పిల్లి కూడా విసిగి వెళ్ళిపోయింది. మార్గశిరంలో పంట ఇంటికొచ్చింది. తిండికి ఉంచుకునే వడ్లు కూడా నరసాపురం సంతకు తోలి అమ్మారు. మాఘమాసానికి రామతులసిగారి మూటలో మూడువందల రూపాయలున్నాయి. వంద తక్కువ. ఉగాది ఇంకా నెలన్నర.

ఆ వంద కోసం రాజుగారు దేవుళ్ళకు దణ్ణాలు పెట్టుకుంటుంటే, వెంకటరాజుగారే కబురు పెట్టి పిలిపించారు. మనిషి చిక్కిపోయారు. ఆయనకు తినడానికి సమయమే దొరకడం లేదు, మమ్మల్ని చూస్తూ కూచోవడంతోటే సరిపోతోంది.

"మీ దగ్గర ఎంతుంది?" అన్నారు.

"మూడువందలండి."

"అదివ్వండి. వంద వదులుకున్నాను. ఇదిగో నోటు." అని మా ఎదుటే నాలుగు ముక్కలుగా చింపారు. "ఇక రేపట్నించి మీకు ఈ ఎండ బాధ ఉండదు కదండీ?" అన్నారు. ఆ మాటలో ప్రాధేయపడడం ఉంది.

"ఉండదండి" అన్నారు బంగార్రాజుగారు.

పెద్దింట్లమ్మగారు లోపల్నించి, "భోంచేసి వెళ్ళండి" అన్నారు. ఆ రోజు మాత్రం బంగార్రాజుగారు కూచోలేదు. నేనొక్కణ్ణే కూచున్నాను.

అప్పు తీరిన వార్త పాకగానే ఊరు మరోసారి కదిలింది. ఇంత ఘనకార్యానికి అభినందన సభ పెట్టకపోతే ఊరికి మచ్చ అని తీర్మానమైంది. ఎక్కడ పెట్టాలన్న చర్చ వచ్చింది. బంగార్రాజుగారి ఇంటి ముందే పెట్టాలనీ, మిట్టమధ్యాహ్నం పెట్టాలనీ ఏకగ్రీవంగా నిర్ణయించాం. సభ తర్వాత ఏం జరుగుతుందో ఎవరూ పైకి అనలేదు, ఎవరికి వారికే తెలుసు. ఆ రోజు పొద్దున మా పేటలో ఎనభై ఇళ్ళలోనూ పొయ్యి రాజేయలేదు.

తాలూకా కచేరీలో గుమాస్తాగా చేసి పింఛను పుచ్చుకుంటున్న అప్పాజీగారు అధ్యక్షత వహించి ఇలా ఉపన్యసించారు: "మహాజనులారా! ఋణమనేది మహాసముద్రం. దాన్ని ఈదిన మహావీరుడు మన బంగార్రాజుగారు. వీరి పొదుపు మనకందరికీ ఆదర్శం. అయితే పొదుపు వేరు, పిసినారితనం వేరు. అప్పున్నప్పుడు పెట్టకపోతే పొదుపు. అప్పు తీరాక కూడా పెట్టకపోతే దాన్నేమంటారో నా నోటితో నేను చెప్పను. ఆయన ఉదారస్వభావం మనమెరుగుదుం. మూడు రోజుల దొరగారి విందును మరిచిపోయిన కృతఘ్నులెవరూ ఇక్కడ లేరు!" చప్పట్లు మోగాయి.

పొగడ్త వింటున్నకొద్దీ బంగార్రాజుగారి ఛాతీ పొంగుతోంది. ఆ పొంగు నాకు తెలుసు. పడవ వస్తోందన్న రోజున కూడా సరిగ్గా అలాగే పొంగింది. ఎనభై ఇళ్ళవాళ్ళకు భోజనం అంటే చేతిలో చిల్లిగవ్వ లేదు, మళ్ళీ వంతెన దాటాలి, మళ్ళీ మూడెకరాలు రాయాలి. వెంకటరాజుగారు ముందు వరసలోనే ఉన్నారు, మొలలో ఏదో కాగితం మడిచి పెట్టుకున్నారు. బంగార్రాజుగారు లేచి చేతులు జోడించి నోరు తెరిచారు.

తలుపు చాటు నుంచి రామతులసిగారు ముందందుకున్నారు. "ఇంత పొద్దెక్కి వచ్చారు, అందరికీ భోజనాలయ్యాయాండీ?"

ఎనభై ఇళ్ళవాళ్ళమూ ఒక్క గొంతుతో, "అయ్యాయండి" అన్నాం. అలవాటు.

"సంతోషమండి" అన్నారావిడ.

మేం రెండో పిలుపు కోసం నిలబడ్డాం. అప్పాజీగారు కండువా సర్దుకున్నారు. ఎవరిదో కడుపు గట్టిగా మూలిగింది. బంగార్రాజుగారు తెరిచిన నోరు అలాగే ఉంచి భార్య వైపు చూశారు. తర్వాత మెల్లగా మూశారు. రెండో పిలుపు రాలేదు. తలుపు దగ్గరకు వేసిన చప్పుడు వచ్చింది. ఇంకాసేపు చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా వెళ్ళిపోయాం. ఆ సాయంత్రమే మళ్ళీ సమావేశమై, ఆ దంపతులకు మర్యాద తెలియదని తీర్మానించి అందరం సంతకాలు చేశాం. నా సంతకం మూడోది.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. ఆ మూడెకరాలు ఇంకా వాళ్ళవే. ఇప్పుడు మా పేటలో నోటు లేని ఇల్లు అదొక్కటే, అందుకే దాని గురించి ఎవరం మంచిగా చెప్పుకోం. వెంకటరాజుగారి దగ్గర నాకూ ఒక నోటుంది, ఈ మధ్యే తీర్చాలని బుద్ధి పుట్టింది. మీరు ఇంత దూరం వచ్చి, ఇంతసేపు నిలబడి, ఓపిగ్గా విన్నారు. చాలా సంతోషం. మీరు భోంచేసే వచ్చి ఉంటారు.