ఆరు గుండీలు తక్కువైన సముద్రం

ఆ ఉదయం చేయవలసిన పని చాలా చిన్నది. స్నానం చేసి, మంచి చొక్కా తొడుక్కుని, భోజనాల బల్ల మీద పరిచిన సముద్రపు పటాన్ని ఫొటో తీసి ఆఫీసుకు పంపాలి. పదకొండింటికి సమావేశంలో కూర్చోవాలి. ఇంత సులువైన పనిని పాడుచేయడానికి ఎంత తెలివి కావాలో ఆలోచించండి!

ఆయన్ని ఇంట్లోవాళ్లు ‘సముద్రం అల్లుడు’ అంటారు. ఆటుపోట్లకు అటూ ఇటూ పరుగెత్తే నీళ్ల అడుగున టర్బైన్లు నిలబెట్టి కరెంటు తీయడం ఆయన ఉద్యోగం. ఏ టర్బైన్ ఎక్కడ నిలబెట్టాలన్నదే అసలు తలనొప్పి. అందుకే ఒక్కో టర్బైన్‌కు ఒక్కో తెల్ల గుండీ చొప్పున పటం మీద ముప్ఫై గుండీలు పేర్చి, నిన్నంతా జరిపి జరిపి ఒక కొలిక్కి తెచ్చాడు. కరెంటు చాలదని పైవాళ్లు ఇప్పటికే రెండుసార్లు తిప్పి పంపారు. ఈసారీ చాలకపోతే పథకం మూతపడుతుంది, మూడేళ్ల చాకిరీ అక్షరాలా నీళ్లపాలవుతుంది.

ఆయన స్నానానికి వెళ్లగానే అత్తగారు ఇస్త్రీకని ఆ మంచి చొక్కా తీశారు. ముందు పట్టీకి ఒక్క గుండీ లేదు. ఎదురుగా బల్ల నిండా గుండీలే! నడిమధ్య నుంచి ఆరు ఏరుకుని, చకచకా కుట్టేశారు.

కూతురు వచ్చి పటం చూసి గుండెలు బాదుకుంది. "అమ్మా! ఆయన ప్రాణాలన్నీ ఆ గుండీల్లోనే ఉన్నాయే!"

"చొక్కా తెరుచుకుని మీటింగుకి వెళ్తే పరువు ఉంటుందా?"

కుట్లు విప్పే వ్యవధి లేదు, స్నానాల గదిలో నీళ్ల చప్పుడు ఆగిపోయింది. చిరిగిన దుప్పటి మీద దిండ్లు సర్దినట్టు, కూతురు మిగిలిన గుండీలను అటొకటి ఇటొకటి జరిపి ఖాళీ కనిపించకుండా చేసింది. అల్లుడు వచ్చి, కళ్లద్దాలు ఎక్కడున్నాయో వెతికే ఓపిక లేక, మసకచూపుతోనే ఫొటో తీసి పంపేశాడు.

దారిలో ఉండగా ఆఫీసులో లెక్కలు చూసే అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, ఫొటోలో ఉన్నట్టే వెయ్యమంటారా? కొంచెం తేడాగా ఉంది."

"ఒక్క చుక్క కూడా మార్చొద్దమ్మా! దాని వెనక మూడేళ్ల కష్టం ఉంది," అన్నాడు గర్వంగా.

సమావేశంలో ఆ ఫొటోను గోడంత పెద్దది చేసి వేలాడదీశారు. ఇప్పుడు కళ్లద్దాలున్నాయి. లెక్కపెట్టాడు. ఇరవైనాలుగు! బయటికి పరుగెత్తి ఇంటికి ఫోన్ చేశాడు.

"అత్తయ్యా, బల్ల మీద గుండీలు ఏమయ్యాయి?"

"నీ చొక్కాకే ఉన్నాయి బాబూ. పోయిన నెల గుండీల డబ్బాలోవి చాలక ఆ చొక్కావే కత్తిరించుకున్నావట కదా, అమ్మాయి చెప్పింది. నీవి నీకే పెట్టాను. ఖాళీ కనపడకుండా మిగతావి అమ్మాయి సర్దింది."

తల వంచి చూసుకున్నాడు. ఆరు టర్బైన్లు గుండెల మీద బుద్ధిగా వరసలో నిలబడి ఉన్నాయి.

ఉరికంబం ఎక్కేవాడిలా లోపలికి వెళ్లాడు. పెద్దాఫీసరు లెక్కల కాగితం ఊపుతున్నాడు. "ఏమయ్యా! ఆరు తగ్గించావు, కరెంటు ఎనిమిది శాతం పెరిగింది! ఎలా?"

అల్లుడు నోరు తెరిచి పటం వైపు చూశాడు. చూసేకొద్దీ అర్థమైంది. ముప్ఫై ఉన్నప్పుడు ఇరుకు ఎక్కువై నీళ్లు పటంలో పక్కనే ఉన్న లంక చుట్టూ తిరిగి పక్కదారి పట్టేవి. పైగా ముందు వరస వాడుకుని నీరసించిన నీళ్లే వెనక వరసకు అందేవి. ఇప్పుడు దేని దారి దానికుంది. అదంతా తన తెలివేనని చెప్పుకుంటే అడిగేవారెవరూ లేరు. కానీ మెడ దగ్గర గుండీ బిగుతుగా తగిలింది.

"నేను కాదు సార్. మా అత్తగారు ఆరు తీశారు, మా ఆవిడ మిగతావి సర్దింది. ఆ ఆరూ ఇవిగో," అంటూ చొక్కా చూపించాడు.

పెద్దాఫీసరు కళ్ల నీళ్లొచ్చేదాకా నవ్వి, పథకం మంజూరు చేశాడు.

ఇంటికి వస్తూనే అల్లుడు అన్నాడు. "అంతా మీ ఇద్దరి చలవే అత్తయ్యా. మీరు లేకపోతే ఈపాటికి నేను రోడ్డున పడేవాణ్ణి." భార్య కళ్లు తుడుచుకుంది. నెల తిరగకుండా అచ్చయిన నివేదిక తెచ్చి అత్తగారి చేతిలో పెట్టాడు. చివరి పేజీలో ‘ఆరు గుండీలకు, వాటిని సమయానికి తీసిన మా అత్తగారికి, మిగిలినవి సర్దిన నా భార్యకు కృతజ్ఞతలు’ అని ఉంది.

అత్తగారు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశారు.

"గుండీలు నీవే కదా బాబూ. దారం నాది, దాని మాట రాయలేదేం?"